చెయ్యి పెట్టిన బండి

ముందే చెప్పేస్తాను, ఈ కథలో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. నేను చెప్పే కథల్లో చీమలు ఏనుగుల్ని మింగుతాయని పెనుకొండ చుట్టుపక్కల పేరు పడిపోయింది, పడనీ. ఇది హనుమప్ప కథ. హనుమప్ప మీద అబద్ధం చెబితే నాలుక మీద కురుపు లేస్తుంది. అందుకని జరిగింది జరిగినట్టే చెబుతాను. ఇంకొకటి కూడా రాసి పెట్టుకోండి. హనుమప్ప చెయ్యి పెట్టి మంచిదన్నది ఏదీ బరువుతో దారి మధ్యలో నిలబడిపోయింది లేదు.

అరవై మూడో సంవత్సరం, ఎండలు ముదిరిన నెల. హనుమప్ప పెనుకొండలో తన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని జనపనారతో, ఎద్దుల మెడకు కట్టే పలుపు పేనుతున్నాడు. నార కొసను కాలి బొటనవేలికి తగిలించి, రెండు అరచేతుల మధ్య పురి ఎక్కిస్తుంటే పలుపు పాములాగా ఒడిలో చుట్టుకుంటోంది. సంతలో ఎద్దుల్ని చూసిపెట్టడం ఆయన పని. దళారి కాదు. దళారి ఇద్దరి దగ్గరా తింటాడు. హనుమప్ప కొనేవాడి తరఫున వెళ్ళి, చూసి, మంచిదో కాదో చెబుతాడు. మంచిదైతే ఎద్దు వీపు మీద కుడిచెయ్యి ఆనిస్తాడు. ఆ చెయ్యి పడితే ఇంక బేరంలో రెండో మాట ఉండేది కాదు. పడకపోతే అమ్మేవాడు ఎద్దును తోలుకుని మారుమాట్లాడకుండా ఇంటిదారి పట్టేవాడు.

చెన్నప్ప వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తమలపాకుల వ్యాపారి. చుట్టుపక్కల ఆకుతోటల్లో కట్టలెత్తి, తడిగోనె కప్పి, ఒక రోజు హిందూపురానికి, ఒక రోజు ధర్మవరానికి ఎడ్లబండి తోలుతాడు. ఎండాకాలంలో బండి చేరేలోపల ఆకు వడిలిపోయి, గంపలో సగం దిబ్బ మీద పారబోయడం ఆయనకు మామూలు. కాసేపు పలుపు వైపు చూసి, తల గోక్కుని, విషయం చెప్పాడు. హిందూపురంలో నంజుండ శెట్టి షాపులో గరుడ అని కొత్త మోడలు మోటారుసైకిలు దిగిందట. ఓవర్సీరు బండి మీద తొక్కడం తానూ నేర్చుకున్నాడట. అయితే దిగి నెలన్నా కాని మోడలు, దాని గుణం ఎవరికీ తెలియదు.

"నువ్వొచ్చి చూడల్ల మామా."

"నేను ఎద్దుల్ని చూసేటోన్ని గదరా. దాన్ని చూసేదానికి నాకేం తెలుసు?"

"నా ఎద్దుల్ని చూసింది నువ్వే. ఐదేండ్లుగా ఒక్కనాడు మాట రానీలే అవి. నువ్వు మంచిదంటే కొంటా, వద్దంటే వద్దు."

హనుమప్ప చేతుల్లో పురి ఆగింది. చెన్నప్ప జతను ఆయన మరిచిపోలేదు. బూడిద రంగుది మైలోడు, నల్లది కర్రోడు. వాటి సంగతేమిటని అడిగితే, సంతలో అమ్మేస్తానన్నాడు చెన్నప్ప, వాటికి మేత యాడ తెచ్చేదని. మైలోడికి ముందుపళ్ళు అరిగిపోయాయి. అరిగిన పళ్ళవాటిని సంతలో ఎవరు కొంటారో, ఏ దారిన తోలుకుపోతారో హనుమప్పకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తాను వద్దంటే ఆ జత ఇంకో మూడేళ్ళు చెన్నప్ప కొట్టంలోనే ఉంటుంది.

చెన్నప్ప వెళ్ళాక అంజనమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. మొగుడూ పెళ్ళాలు ముప్పై ఏళ్ళుగా సంతల మీదే బతికారు. లారీలొచ్చాక సంతలో పిలుపులు సగానికి పడ్డాయని ఆమెకు వేరే చెప్పాల్సిన పని లేదు.

"ఏదో ఒక దోషం చెప్పు దానికి. ఈ పొద్దు చెన్నప్ప కొంటే రేపు పదిమంది కొంటారు. ఆ మీదట నిన్ను పిలిచేదెవరు?" అంది.

"లేని దోషం చెప్తే, నన్ను పిలిచేదానికి నేనుంటానా?" అన్నాడు హనుమప్ప. అన్నాడే గానీ, పేనుతున్న పలుపు ఆ పూట పూర్తి కాలేదు.

తెల్లవారి మొదటి రైలుకే ఇద్దరూ హిందూపురం పోయి, షాపు తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చున్నారు. ఎద్దును నిలబడి ఉన్నప్పుడు ఎవరైనా చూస్తారు, లేచేటప్పుడు చూడాలని హనుమప్ప పట్టు. కీళ్ళలో జబ్బుంటే అప్పుడే బయటపడుతుంది. శెట్టి వచ్చి తలుపులు తీసి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించి, లోపల దుప్పటి కప్పి ఉన్న బండి మీది దుప్పటి లాగాడు. సిరా రంగు, ట్యాంకు మీద బంగారు గీత, ముందు పెద్ద దీపం. చెన్నప్ప నోరు తెరుచుకుని నిలబడ్డాడు. హనుమప్ప దాని ముఖం చూడలేదు. పక్కకు పోయి, వంగి, ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది.

"శెట్టీ, దీన్ని ఇంతకు ముందే తిప్పినారు."

శెట్టి పళ్ళికిలించాడు. పనివాడు వెనక తలుపు తీసి ఒకసారి కిక్కు కొట్టి పెట్టాడని, చూసేవాళ్ళ ముందు మొండికేయకూడదు కదా అని ఒప్పుకున్నాడు.

"సంతలో కూడా ఇంతే. పొద్దున్నే ఉప్పు తినిపించి, కడుపు నిండా నీళ్ళు తాపి నిలబెడతారు. చల్లారనీ. కూర్చుంటాం."

రెండు గంటలు కూర్చున్నారు. షాపులో పనివాడు వెంకటేశులుకు నవ్వు ఆగలేదు. సుడులు చూడవా పెద్దాయనా, తోక యాడుండాదో చూపించమంటావా అని వేళాకోళమాడి, పళ్ళు కూడా చూస్తావా అని అడిగాడు. చూస్తానన్నాడు హనుమప్ప. చైను మీది రేకు విప్పించి, వెనక చక్రం పక్కనున్న పళ్ళచక్రంలో ఒక్కొక్క పన్నూ చూపుడువేలితో తడిమాడు. తర్వాత చైను మీద వేలు పెట్టి, చక్రాన్ని నిదానంగా పూర్తి చుట్టు తిప్పించాడు. వేలికి ఎక్కడా బిగువు మారలేదు. వెంకటేశులు నవ్వు మానేసి తానూ వేలు పెట్టి చూశాడు.

చల్లారిన ఇంజను రెండో తన్నుకే అందుకుంది. హనుమప్ప గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, రాళ్ళ బాట మీద ఎద్దు నడక వింటున్నట్టు విన్నాడు. ఆకుకట్టల బరువుకు సరిగ్గా ఇసుక సంచులు కట్టించి, చెంబుతో కొలిచి పెట్రోలు పోయించి, వెంకటేశులు నడుపుతుంటే పెనుకొండ దాకా వెనక కూర్చుని వచ్చాడు. చెన్నప్ప బస్సులో వచ్చాడు. హనుమప్ప బండిని కోట దగ్గరి ఎగువలో ఎక్కించాడు, వంక ఇసుకలో దించాడు, దించినచోటనే నిలిపించి మళ్ళీ కదిలించాడు. మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు తన తెల్ల తువ్వాలు ఇంజను కింద పరిచాడు. పేడ చూడనిదే ఎద్దు కడుపు తెలియదు కదా. తిని చేతులు కడుక్కుని వచ్చి చూస్తే, తువ్వాలు మీద కందిబేడంత నూనె చుక్క ఒకటి.

ఆ చుక్క దగ్గర హనుమప్ప చాలాసేపు వంగి ఉన్నాడు. ఇది జొన్నరొట్టెంత ఉంటే ఎంత బాగుండును అనిపించింది ఆయనకు. మైలోడు కళ్ళ ముందు మెదిలాడు. ఈ చుక్కనే రొట్టె చేసి చెప్పినా చెన్నప్ప నమ్ముతాడు, తనను నమ్మడం తప్ప వాడికి ఇంకేమీ తెలియదు. చుక్కను వేలికి రాసుకుని వాసన చూశాడు. మాడు వాసన లేదు. మిగిలిన పెట్రోలు చెంబుతో కొలిచాడు. శెట్టి చెప్పినదానికంటే తక్కువే తాగింది.

"మంచిది," అన్నాడు చివరికి, చెన్నప్ప వైపు చూడకుండా.

ఎద్దును ఎంచాక, బేరం కుదిరేలోపల అమ్మేవాడు మార్చకుండా, తోక వెంట్రుకలు మూడు కలిపి ముడి వేయడం సంతలో ఆయన అలవాటు. ఆ ముడి ఆయన వేళ్ళకు తప్ప ఇంకెవరికీ దొరకదు. బండికి తోక లేదు కాబట్టి, మొలలో దోపుకున్న జనపనార తీసి, సీటు కింది స్ప్రింగుకు సన్నగా ముడి వేశాడు. వెంకటేశులు బండి తీసుకుని హిందూపురం వెళ్ళిపోయాడు.

సంత రోజు హనుమప్ప హిందూపురం పోయాడు గానీ ఎద్దుల వైపు పోలేదు. శెట్టి షాపు మెట్ల మీదే కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి చెన్నప్ప వచ్చాడు, భుజాన రెండు పలుపులు వేసుకుని. ఎద్దును అమ్మినా పలుపు ఇవ్వరు మా వైపు. ఇస్తే ఇంట్లో లక్ష్మి దాని వెంబడే పోతుందంటారు. ఆ పలుపులు హనుమప్ప పేనినవే. ఎవరు కొన్నారని ఆయన అడగలేదు, చెన్నప్ప చెప్పలేదు.

బండి అప్పటికే బయట నిలబడి ఉంది. చామంతి దండ, ముందు చక్రం కింద నిమ్మకాయ, ట్యాంకు మీద కుంకుమ. అదే సిరా రంగు, అదే బంగారు గీత. హనుమప్ప వంగి సీటు కింద వేళ్ళు పెట్టి తడిమాడు. ఒకసారి తడిమాడు, ఇంకోసారి తడిమాడు. ముడి లేదు.

"ఇది అది కాదు శెట్టీ."

శెట్టికి దాచే ఉద్దేశమేమీ లేదు. "అది చూపుడు బండి పెద్దాయనా, ఊరంతా తొక్కిండేది. నీ మనిషి పోసేది కొత్త దుడ్లు, పాత బండి ఇస్తానా? ఇది నిన్న పెట్టె విప్పింది. అన్నీ ఒకే అచ్చులో పోసినవే. ఇవేమన్నా ఎద్దులా, ఒక్కోటి ఒక్కో తల్లికి పుట్టేదానికి?"

మెట్ల మీద చేరినవాళ్ళంతా నవ్వారు. చెన్నప్ప కూడా నవ్వాడు, హనుమప్ప ముఖం చూడకుండా. హనుమప్ప ఒక్క గంట అడిగాడు. రేకు విప్పి పళ్ళు చూస్తానన్నాడు, చక్రం ఒక చుట్టు తిప్పి చూస్తే చాలన్నాడు. రాహుకాలం వచ్చేస్తోందన్నాడు శెట్టి. తెల్లవారి ధర్మవరంలో ఒక నేతగాళ్ళ ఇంటి పెళ్ళికి ఆకు చేరాలని, సాయంత్రానికి తోటల్లో కట్టలు ఎత్తుకోవాలని చెన్నప్ప తొందర.

"చెయ్యి పెట్టు మామా. టైమైతాంది."

అందరూ ఆయన చేతి వైపే చూస్తున్నారు. ముప్పై ఏళ్ళలో చూడనిదాని మీద ఆయన చెయ్యి పడింది లేదు. ఎద్దు అయ్యుంటే ఆ పొద్దు కూడా పడేది కాదు. కానీ ఇది ఎద్దు కాదని అంతమంది నవ్వాక, ఎద్దు పట్టింపు పట్టుకుని నిలబడితే తానొక పిచ్చి ముసలోడిలాగా కనబడతానని సిగ్గేసింది. ఎండకు సీటు పెనంలా కాలుతోంది. హనుమప్ప కుడిచెయ్యి దాని మీద ఆనించి, తీసేశాడు.

కొత్త జత మొదటిసారి బరువు లాగేటప్పుడు, ఎంచినవాడు వెంట నడవాలి. అదీ వాడుకే. అందుకని తెల్లవారి పెనుకొండ నుంచి ధర్మవరం బయలుదేరిన బండి వెనక, రెండు ఆకుకట్టల నడుమ హనుమప్ప కూర్చుని ఉన్నాడు. చెన్నప్ప ఆ పలుపులతోనే కట్టలు బిగించాడు. చల్లటి గాలి. చెన్నప్ప కూనిరాగం తీస్తున్నాడు. చెన్నేకొత్తపల్లి దాటాక, గాలి కాస్త తగ్గినచోట, హనుమప్ప చెవికి అది తగిలింది. చక్రం తిరిగే ప్రతి చుట్టుకూ ఒకసారి, సన్నగా, టిక్కుమని. ఎద్దయితే ఎడమ వెనక కాలు అంటాడు ఆయన.

"చెన్నప్పా, నిలుపు. కుంటుతాంది ఇది."

"కొత్తది గదా మామా. నడిస్తే సర్దుకుంటాది."

ఇంకోసారి చెబుదామని నోరు తెరిచాడు హనుమప్ప. అప్పుడు తెలిసింది తన లోపల ఏముందో. ఆ టిక్కు విన్నప్పుడు ముందుగా కలిగింది భయం కాదు, సంతోషం. చూడండిరా, అన్నీ ఒకే అచ్చన్నారే అని. కుంటుతోందని చెప్పింది చెవా, కడుపుమంటా? చెవే అయితే రెండోసారీ చెప్పాలి. కడుపుమంట అయితే నోరు మూసుకోవాలి. ఏదో తేల్చుకోలేక, తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని, చుట్టుకొక టిక్కు చొప్పున మైళ్ళ కొద్దీ వింటూ కూర్చున్నాడు.

ధర్మవరం ఇంకా నాలుగు మైళ్ళుందనగా వంక అడ్డమొచ్చింది. ఎండాకాలం కదా, నీళ్ళు లేవు, మోకాలి లోతు ఇసుక. చెన్నప్ప హ్యాండిలు బిగబట్టి దించాడు. బండి మధ్యదాకా మూలుగుతూ వచ్చింది. అక్కడ చైను పటుక్కున తెగింది. బండి పక్కకు ఒరిగి పడింది. చెన్నప్ప పిక్క సైలెన్సరు కింద పడి చుర్రుమని కాలింది. ఆకుకట్టలు విడిపోయి ఇసుక మీద పరుచుకున్నాయి.

హనుమప్ప ముందు మనిషిని లాగాడు, తర్వాత ఆకును ఏరాడు. వంక అంచున చెలమ తోడితే చిప్పెడు నీళ్ళు ఊరాయి. దోసిలితో తెచ్చి గోనె తడిపాడు. అది తడిపేలోపలే ఆరిపోతోంది. తెగిన చైను తీసి వేలి మీద వేసుకుని చూశాడు. వెనక చక్రం తిప్పి చూస్తే, పళ్ళచక్రం నడుమ చిల్లు ఒక వెంట్రుకవాసి పక్కకు పడింది. అందుకే ప్రతి చుట్టులో ఒకచోట చైను బిగుసుకుని, ఒకచోట వదులవుతూ వచ్చింది. షాపులో ఒక్క చుట్టు తిప్పి ఉంటే వేలికి తెలిసేది.

గంట తర్వాత రాతిబండలు మోసే ఎడ్లబండి ఒకటి ఖాళీగా ధర్మవరం వైపు వచ్చింది. తోలేవాడు పోతులయ్య అని, నిన్నటి సంతలోనే ఆ జతను కొన్నాడట. బూడిద రంగుదొకటి, నల్లదొకటి. మైలోడు దూరం నుంచే చెవులు రిక్కించాడు. దగ్గరికొచ్చి, హనుమప్ప భుజం మీద మూతి ఆనించి బుస్సుమని ఊపిరి వదిలాడు. తర్వాత చెన్నప్ప చేతి మీది చెమట ఉప్పు గరగరమని నాకాడు. చెన్నప్ప చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చెన్నప్ప తన పలుపులు తీసి, ఒక కొస గరుడ హ్యాండిలుకు, ఇంకో కొస ఎడ్లబండి ఇరుసుకు కట్టాడు. మైలోడు మెడ వంచాడు. ఇసుకలోంచి కొత్త బండి దండతో సహా కదిలింది.

పెళ్ళివారి వీధికి చేరేసరికి మగ్గాల చప్పుడు ఆగి, జనం గడపల్లోకి వచ్చారు. పెళ్ళి పెద్ద ఆదినారాయణ గోనె ఎత్తి ఆకు చూశాడు. నల్లబడి, చేతిలో ముద్దయింది. తాంబూలానికి ఇంకెవరి దగ్గరో ఆకు తెచ్చుకున్నామని, ఇక మీదట కూడా వాళ్ళ దగ్గరే తెచ్చుకుంటామని నిదానంగా చెప్పాడు. ఎవరో బండి చుట్టూ తిరిగి, దీనికి గడ్డి వేయలేదేమో అన్నారు. నవ్వులు. చెన్నప్ప కాలిన పిక్క మీద గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనేం చేసేది? హనుమప్ప మామ చూసినాడు. చెయ్యి పెట్టినాడు. ఆయన మాట మీదనే కొన్న్యా."

అందరూ హనుమప్ప వైపు తిరిగారు. ఆ వీధిలో ఆయన పేరు తెలియని ఇల్లు లేదు. జవాబు ఆయన నాలుక మీదే ఉంది. నేను చూసింది ఇది కాదు, చూస్తానంటే గంట ఇవ్వలేదు, దారిలో నిలపమంటే నిలపలేదు. ప్రతి ముక్కా నిజం. ప్రతి ముక్కా చెన్నప్పకూ తెలుసు. అందుకే వాడు నేల చూస్తున్నాడు. ఒక్కమాట అంటే, ఆకు పోగొట్టుకుని, ఎద్దులు పోగొట్టుకుని నిలబడ్డవాడు నలుగురిలో అబద్ధాలకోరు కూడా అవుతాడు. అదొక్కటే కాదు, ఆ సీటు వేడి హనుమప్ప అరచేతిలో ఇంకా ఉంది.

"ఔ," అన్నాడు. "చెయ్యి పెట్టింది నేనే."

ఆ పైన జరిగిందంతా చప్పగా ఉంటుంది. నంజుండ శెట్టి మారుమాట లేకుండా చైనూ పళ్ళచక్రమూ మార్చి ఇచ్చాడు. వందలో ఒకటి అట్లా వస్తుంది, మోడలు మాత్రం మంచిదన్నాడు. అది నిజమే. చెన్నప్ప గరుడ ఏడేళ్ళు పరిగెత్తింది. ధర్మవరంలో పోయిన ఇళ్ళు పోగా కొత్త ఇళ్ళు దొరికాయి. అంజనమ్మ చెప్పినట్టే ఏడాది తిరిగేసరికి తక్కిన ఆకు వ్యాపారులూ కొన్నారు, ఎవరినీ చూడమని పిలవకుండానే. చెన్నప్ప ఆ వీధిలోంచి పోయేటప్పుడు హనుమప్ప ఇంటి ముందు ఎప్పుడూ హారను కొట్టలేదు, నిలపనూలేదు. తర్వాతి సంతకు హనుమప్పను ఒకే ఒక్కడు పిలిచాడు, అదీ ధర్మవరం సంగతి చెవిన పడనివాడు. హనుమప్ప వెళ్ళి, ఎద్దు చుట్టూ తిరిగి, పళ్ళు చూసి, చివరికి చెయ్యి ఎత్తలేకపోయాడు. చూపు ఆనడం లేదు నాయనా, వేరేవాణ్ణి పిలుచుకో అన్నాడు. ఎద్దు మాత్రం నిక్షేపంగా ఉండింది. సగం పేనిన పలుపు అరుగు మీది మేకుకు చాలా కాలం వేలాడింది.

ఇప్పుడు మీరు రాసి పెట్టుకున్నది కొట్టేయండి. ఎద్దుల మాట చెప్పినాను గానీ బండ్ల మాట కాదని తప్పించుకోవచ్చు, కానీ ఏదీ అని అన్నాను కదా, దొరికిపోయినాను. ఆవగింజ మాట కూడా దాంతోబాటే కొట్టేయండి. ఈ కథలో అబద్ధం ఒకటుంది.

ఆ పొద్దు వంకలోంచి బండిని లాగిన జత ఎవరిదో నాకు తెలియదు. పోతులయ్య నిజం, వాడి బండల బండి నిజం, చెన్నప్ప కట్టిన పలుపులు నిజం. ఎద్దులు మాత్రం పరాయివి. అవి ఎవరి భుజమూ వాసన చూడలేదు, ఎవరి చెయ్యీ నాకలేదు. మైలోడూ కర్రోడూ సంత నాటి సాయంత్రమే మడకశిర దారిన పడమటికి పోయే మందలో కలిశాయి. హనుమప్ప ఆ ఆఖరి సంతలో అడిగి తెలుసుకున్నాడు. పళ్ళు అరిగినవాటిని అంత దూరం ఎందుకు తోలుకుపోతారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ కథ నేను ఎన్నిసార్లు చెప్పినా, చెప్పకూడదు చెప్పకూడదనుకుంటూనే, ఆ ఇసుకలో కాడి దగ్గరికి వచ్చేసరికి నా చేతులు మైలోణ్ణే కట్టేస్తాయి.